ముసలి కుక్కల పక్కన ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కడం తప్పా?

పర్లాకిమిడి మాస్టారు:
రిటైరయ్యాక మోకాళ్ళు అరిగిపోయాయి. వీధి చివరి దాకా నడిస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాల్సిందే. ఇంట్లో రెండు కుక్కలున్నాయి. లాబ్రడార్‌కు పదకొండేళ్ళు, నాటు కుక్కకు తొమ్మిది. తిప్పేవాళ్ళు లేక రెండూ లావెక్కాయి. అందుకే ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాను. తెల్లవారుతుండగా పాతపట్నం వైపు కొంత దూరం రోడ్డు మీద, తరవాత మట్టిదారిలో వెళ్తాం. బండి నెమ్మదిగా పోతుంటే అవి పక్కన వస్తాయి. నిన్న ఒకాయన నన్ను ఆపి, "ముసలి ప్రాణాలను పరిగెత్తించి చంపుతున్నారు" అన్నారు. ఆ మాట మనసులో ముల్లులా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోపాలపూర్ రోడ్:
తాడు ఎక్కడ కడుతున్నారు? హ్యాండిల్‌కా?

పర్లాకిమిడి మాస్టారు:
చేత్తో పట్టుకుంటాను. నాటు కుక్కకు తాడే అక్కర్లేదు, నన్ను విడిచి పోదు.

గోపాలపూర్ రోడ్:
అయితే ఒక్క చేత్తో బండి నడుపుతున్నారన్నమాట. మాస్టారూ, ఇది చిన్న విషయం కాదు. ఎదురుగా పిల్లి పరిగెత్తితే ముప్పై కిలోల లాబ్రడార్ ఎటు లాగుతుందో మీకు తెలియదు. రెండో చేతి బ్రేకు ఖాళీగా ఉంటుంది. పైగా మన దగ్గర తక్కువ ధరలో దొరికే వాటిలో ఎక్కువ భాగం పెడల్ తిరుగుతోందా లేదా అనే చూస్తాయి. ఎంత బలంతో తొక్కుతున్నామో వాటికి తెలియదు. పెడల్ కదిలిన కాసేపటికి మోటార్ ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. నడక వేగంలో ఆ తోపు వస్తే బండి ఊగుతుంది. బరంపురంలో మా పక్కింటాయన అలాగే గేటుకు గుద్దుకున్నారు. బ్రేకు నొక్కగానే మోటార్ ఆగే ఏర్పాటు మీ బండికి ఉందా? తాడు నడుముకు కట్టుకోకండి, హ్యాండిల్‌కు అసలే వద్దు. సీటు కింద స్ప్రింగ్ కడ్డీ బిగించి దానికి కట్టాలి.

చత్రపురం:
250 వాట్ల లోపు మోటార్, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

గోపాలపూర్ రోడ్:
లైసెన్స్ సంగతి ఎవరూ అడగలేదు.

రాయగడ కోడలు:
తాడు గొడవ తరవాత. ముందు ఆ కుక్కలకు రావాలని ఉందా? కుక్క యజమాని వెంట పడి వస్తుంది, అలసిపోయానని చెప్పదు. ఒళ్ళు నొప్పులున్నా తోక ఊపుతుంది. దానికి నోరు లేదని మనం దాని తరఫున సరే అనేసుకుంటున్నాం. జంతువులను శక్తికి మించి తోలడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమే నేరం.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, నేను తోలడం లేదు. అవి ఆగితే నేనూ ఆగుతాను. గోడలు వాసన చూస్తూ అవి తీసుకునే సమయమంతా ఇస్తాను. సైకిల్ తీస్తే లాబ్రడార్ గేటు దగ్గరికి ముందే వచ్చి నిలబడుతుంది.

పాత స్టాక్‌మేన్, గుణుపూర్:
పశువైద్యశాలల్లో బతుకు గడిపినవాడిగా చెబుతున్నాను. ముసలి కుక్కకు కదలిక మంచిదే. కీళ్ళు కదులుతుంటేనే వాటిలోని ద్రవం ఎముకల చివర ఉండే మెత్తటి మృదులాస్థికి అందుతుంది, కండ కరిగిపోకుండా ఉంటుంది. పడుకోబెడితే ఇంకా త్వరగా కూలబడుతుంది. కానీ ఒకేసారి చాలా దూరం వద్దు. రోజుకు రెండు మూడు సార్లు, కొంచెం కొంచెం. మట్టిదారే మేలు. తారు రోడ్డు మీద నిలకడగా పరుగు తీయించడం మోకాళ్ళకూ తుంటికీ చెరుపు. కుక్క నడిచే వేగమే మీ వేగం కావాలి. నడక మాని పరుగులోకి దిగిందంటే మీరు వేగం పెంచారని అర్థం.

తెల్లారి లేచేటప్పుడు బిగుసుకుపోయి ఉందా, వెనక కాళ్ళ గోళ్ళు నేలకు రాసుకుంటున్నాయా చూడండి. మన వైపు గాలిలో తేమ ఎక్కువ. కుక్క రొప్పి ఒంటి వేడి దించుకుంటుంది, తేమలో అది సరిగా పనిచేయదు. ఎండ లేదని ధీమా వద్దు. మెడ పట్టీ తీసేసి ఛాతీకి తొడిగే పట్టీ కొనండి.

ఒకటి అడుగుతాను, జవాబు చెప్పండి. లాబ్రడార్ మొరుగు మారిందా? బొంగురు పోయిందా? రొప్పేటప్పుడు గొంతులో గరగర వస్తోందా?

కాశీనగర్:
మా వీధిలో సైకిల్ తీస్తే ఊరకుక్కలు పది వెంటపడతాయి. మాస్టారూ, మీవాటికి ఈ ఏటి రేబిస్ టీకా వేయించారా?

గోపాలపూర్ రోడ్:
బ్రేకు సంగతికి జవాబు రాలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
టీకాలు వేయించాను. బ్రేకు నొక్కితే మోటార్ ఆగుతుంది. ఇంకేమైనా పరీక్షలున్నాయా? పిల్లలకు చదువు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు ఇన్ని జాగ్రత్తలు చెప్పాలా?

రాయగడ కోడలు:
కోపం వద్దు మాస్టారూ. మా మావగారూ ఇలాగే అన్నారు. తెల్లవారకముందే సైకిల్ మీద పాలకు వెళ్ళేవారు. వద్దన్నందుకు నాతో మాటలు మానేశారు. ఒకరోజు పడ్డారు, తుంటి విరిగింది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ చేసింది నేను. ఉద్యోగం మానుకున్నది నేను. ఆయన కొడుకులు ఫోన్లో 'జాగ్రత్త నాన్నా' అన్నారు, అంతే. మీరు పడితే ఎవరు చేస్తారు? మీ ఇంట్లో వాళ్ళను అడిగారా?

పర్లాకిమిడి మాస్టారు:
ఇదిగో, అసలు మాట ఇప్పుడొచ్చింది. కుక్కల మీద జాలి అన్నారు, చట్టం అన్నారు. నన్ను ఇంట్లో కూర్చోమనడమే మీకు కావాలి. మా అబ్బాయి విశాఖ నుంచి వచ్చినప్పుడల్లా సైకిల్ తాళం దాచేస్తాడు. వాడిదీ ఇదే మాట. నా భార్య పోయాక ఈ ఇంట్లో నన్ను తెల్లారి లేపేవి ఆ రెండే. వాటికి కాళ్ళు ఆడినన్నాళ్ళు, నాకు చేతులు ఆడినన్నాళ్ళు బయటికి వెళ్తాం. ఎప్పుడు మానాలో నాకు తెలుసు.

రాయగడ కోడలు:
అందరూ అదే అంటారు, ఎప్పుడు మానాలో మాకు తెలుసని. మీరు తెలుసుకునే సరికి చేయాల్సిన చాకిరీ పక్కవాళ్ళది అవుతుంది. కుక్కకు శక్తి లేదని మీరు చూసి ఆపుతానంటున్నారు. మిమ్మల్ని చూసి ఆపే హక్కు మాత్రం ఎవరికీ లేదా? అది ఒప్పుకోండి, ఇంక నేనేమీ అనను.

పర్లాకిమిడి మాస్టారు:
లేదు. కుక్కకు నేను యజమానిని. నాకు యజమాని ఎవరూ లేరు.

చత్రపురం:
ఇద్దరూ చల్లబడండి.

రాయగడ కోడలు:
యజమాని అనలేదు. మీకు అన్నం పెట్టి, మీ కోసం నిద్ర మానేవాళ్ళకు ఒక్క మాట చెప్పే చోటు ఉండాలన్నాను. నాకు ఆ చోటు దొరకలేదు, అందుకే అడుగుతున్నాను.

గోపాలపూర్ రోడ్:
సీటు ఎత్తు తగ్గించి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా పెట్టుకోండి మాస్టారూ. కొన్ని బండ్లకు దిగి నడిపించే మోడ్ కూడా ఉంటుంది, బండి మనిషి నడిచే వేగంతో తనే కదులుతుంది. రద్దీ ఉన్నచోట దిగిపోవచ్చు, హ్యాండిల్ మీద బరువు వేసి నడవచ్చు. ఆమె భయానికీ మీ పట్టుదలకూ అదొక దారి.

పాత స్టాక్‌మేన్, గుణుపూర్:
మీరు ఎవరికి ఎవరు యజమాని అని తేల్చుకునే లోపు నేనడిగిందానికి జవాబు ఇవ్వలేదు. లాబ్రడార్ మొరుగు సంగతి.

పర్లాకిమిడి మాస్టారు:
మారింది. వేసవి నుంచి బొంగురుగా ఉంది. వయసు వల్ల అనుకున్నాను. రొప్పేటప్పుడు గొంతులో చప్పుడు కూడా వస్తోంది.

పాత స్టాక్‌మేన్, గుణుపూర్:
అయితే రేపు సైకిల్ తీయకండి. ముసలి లాబ్రడార్లలో గొంతు దగ్గర ఊపిరి దారి తెరిచే కండరాలు చచ్చుబడే జబ్బు తరచూ వస్తుంది. లోపలికి పీల్చే గాలి సరిపోదు. వేడిలోనో ఆయాసంలోనో ఒక్కసారిగా ఊపిరాడక పడిపోవచ్చు. అదేనని ఇక్కడి నుంచి చెప్పలేను, గొంతులోకి చూసి డాక్టర్ చెప్పాలి. మీకు గరివిడి పశువైద్య కళాశాల ఉంది, లేదంటే భువనేశ్వర్. ఎండెక్కక ముందే బయల్దేరండి. కారులో ఏసీ ఉండాలి, మెడకు ఏమీ కట్టవద్దు. దారిలో నాలుక నీలంగా మారితే దగ్గర్లో ఏ పశువైద్యుడు ఉంటే అక్కడే ఆగండి. నాటు కుక్కను ఇంటి దగ్గరే కాస్త నడిపించండి, దానికి ఇబ్బంది లేదు.

రాయగడ కోడలు:
మీ అబ్బాయికి ఫోన్ చేయండి మాస్టారూ. ముప్పై కిలోల కుక్కను మీరొక్కరే కారెక్కించలేరు.

పర్లాకిమిడి మాస్టారు:
కారు నేనే మాట్లాడాను. డ్రైవర్ కుర్రాడు ఎత్తుతానన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరుతున్నాం. అబ్బాయికి గరివిడి చేరాక చెబుతాను.