ఎస్ఆర్-ఐఓవీ పెట్టాక ఒకే సర్వర్‌లోని రెండు వర్చువల్ మెషీన్ల మధ్య సంబంధం తెగిపోయింది

లబ్బీపేట అడ్మిన్:

అందరికీ నమస్కారం. విజయవాడ లబ్బీపేటలోని మా ఆఫీసులో మూడు సర్వర్ల మీద ప్రాక్స్‌మాక్స్‌తో (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) సొంత క్లౌడ్ నడుపుతున్నాము. గుంటూరు మిర్చి యార్డులోని కొందరు కమీషన్ వ్యాపారుల పద్దులు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు, రైతులకిచ్చే పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) అన్నీ దీని మీదే నడుస్తాయి. సీజన్‌లో డేటాబేస్ మెషీన్ మీద ఒత్తిడి పెరుగుతోందని, దానికి నెట్‌వర్క్ కార్డునే నేరుగా అప్పగిద్దామని ఎస్ఆర్-ఐఓవీకి, అంటే ఒకే కార్డును చాలా కార్డుల్లా విడదీసి మెషీన్లకు పంచే పద్ధతికి, దిగాను. కార్డు ఇంటెల్ ఎక్స్520, రెండు పోర్టులది. ప్రస్తుతం ఒక్క పోర్టుకే కేబుల్ ఉంది.

బయాస్‌లో వీటీ-డీ (కార్డును మెషీన్‌కు నేరుగా అప్పగించనిచ్చే సౌకర్యం), ఎస్ఆర్-ఐఓవీ రెండూ ఆన్ చేశాను. కెర్నెల్‌కు కూడా దానికి సంబంధించిన ఐఓఎంఎంయూ సెట్టింగు ఇచ్చి, నాలుగు వర్చువల్ ఫంక్షన్లు (వీఎఫ్‌లు, అంటే కార్డులోంచి విడదీసిన చిన్న కార్డులు) సృష్టించి, అందులో ఒకటి డేటాబేస్ మెషీన్‌కు ఇచ్చాను. ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. మిగిలిన మెషీన్లన్నీ పాతపద్ధతిలోనే బ్రిడ్జ్ (సర్వర్ లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్) మీద ఉన్నాయి, ఆ బ్రిడ్జ్‌కు బయటి దారి కూడా అదే పోర్టు.

సమస్య ఏమిటంటే, డేటాబేస్ మెషీన్ ఇంటర్నెట్‌కు వెళుతుంది, మిగతా రెండు సర్వర్లలోని మెషీన్లతోనూ మాట్లాడుతుంది, కానీ తనతో పాటు అదే సర్వర్‌లో ఉన్న అప్లికేషన్ మెషీన్‌కు మాత్రం చేరదు. అప్లికేషన్ మెషీన్‌ను రెండో సర్వర్‌కు మారిస్తే వెంటనే పనిచేస్తుంది, వెనక్కి తెస్తే ఆగిపోతుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. అప్లికేషన్ వైపు నుంచి పింగ్ మొదలుపెడితే ఏఆర్‌పీ పట్టికలో (ఏ ఐపీకి ఏ మ్యాక్, అంటే ఏ కార్డు చిరునామా, అని రాసుకునే పట్టిక) డేటాబేస్ చిరునామా అసంపూర్ణం అని కనిపిస్తుంది. డేటాబేస్ వైపు నుంచి మొదలుపెడితే అప్లికేషన్ మ్యాక్ చిరునామా చక్కగా నమోదవుతుంది, అయినా పింగ్‌కు జవాబు రాదు. రెండు రాత్రులు ఫైర్‌వాల్ నియమాలు తిరగేశాను, దారి దొరకలేదు.

బెంజి సర్కిల్:

వర్చువల్ ఫంక్షన్ మీద స్పూఫ్ చెక్ ఆన్‌లో ఉందేమో చూడండి. మెషీన్ లోపల మ్యాక్ చిరునామా మార్చి ఉంటే, హోస్ట్ (మెషీన్లను నడిపే అసలు సర్వర్) ఇచ్చిన దానికి అది సరిపోలక కార్డే ప్యాకెట్లను పారేస్తుంది.

బ్రాడీపేట:

స్పూఫ్ చెక్ అయితే డేటాబేస్ మెషీన్ ఎవరితోనూ మాట్లాడలేకపోవాలి, కానీ ఇక్కడ పక్క మెషీన్‌తో ఒక్కదానితోనే పేచీ. అడ్మిన్ గారు రాసిన ఏఆర్‌పీ విచిత్రంలోనే జవాబు ఉంది.

ఎస్ఆర్-ఐఓవీ ఆన్ చేసిన క్షణం నుంచి మీ కార్డు లోపల ఒక చిన్న స్విచ్ పనిచేయడం మొదలుపెడుతుంది. అసలు పోర్టు, అంటే పీఎఫ్, దానికి ఒక కాలు; ఒక్కొక్క వీఎఫ్ ఒక్కొక్క కాలు; కేబుల్ మరో కాలు. అయితే ఇది మన బల్ల మీది స్విచ్ లాగా వచ్చిన ప్యాకెట్లను చూసి ఎవరు ఎటు ఉన్నారో నేర్చుకోదు. డ్రైవర్ తనకు రాసి ఇచ్చిన మ్యాక్ చిరునామాలు మాత్రమే దానికి తెలుసు. పీఎఫ్ సొంత చిరునామా, వీఎఫ్‌ల చిరునామాలు ఆ జాబితాలో ఉంటాయి. పీఎఫ్ వెనుక మీరు కట్టిన బ్రిడ్జ్ మీద ఏయే మెషీన్లున్నాయో ఎవరూ దానికి చెప్పలేదు.

ఇప్పుడు డేటాబేస్ "ఈ ఐపీ ఎవరిది?" అని అందరికీ వినబడేలా అడిగింది. అది బ్రాడ్‌కాస్ట్ కాబట్టి కార్డు దానిని కేబుల్‌కూ పీఎఫ్‌కూ పంపింది, బ్రిడ్జ్ ద్వారా అప్లికేషన్‌కు అందింది. అప్లికేషన్ ఇచ్చిన జవాబు డేటాబేస్ వీఎఫ్ చిరునామాకు వెళ్లాలి, ఆ చిరునామా జాబితాలో ఉంది కాబట్టి చేరింది. అందుకే మీ పట్టికలో మ్యాక్ నిండింది. ఆ తరువాత డేటాబేస్ అసలు పింగ్‌ను అప్లికేషన్ మ్యాక్‌కు పంపినప్పుడు, ఆ పేరు జాబితాలో లేదు కనుక కార్డు దానిని కేబుల్ మీదుగా బయటి స్విచ్‌కు తోసేసింది. మామూలు స్విచ్ ఏదైనా ఒక పోర్టులో వచ్చిన ప్యాకెట్‌ను తిరిగి అదే పోర్టులోకి పంపదు కాబట్టి అది అక్కడితో అంతమైంది. అప్లికేషన్ వైపు నుంచి మొదలుపెట్టినప్పుడు డేటాబేస్ ఇచ్చే ఏఆర్‌పీ జవాబుకే ఈ గతి పడుతుంది, అందువల్ల అక్కడ అసంపూర్ణం అని కనిపిస్తుంది. బ్రిడ్జ్ ఆ పోర్టును ప్రామిస్క్యుయస్ మోడ్‌లో (తనవి కాని ప్యాకెట్లనూ తీసుకునే స్థితిలో) పెట్టింది కదా అని అనుమానం రావచ్చు. మీ చిప్‌లో ఆ మోడ్ కేబుల్ నుంచి వచ్చేవాటికే వర్తిస్తుంది, పక్క వీఎఫ్ పంపినవాటికి కాదు.

నిర్ధారించుకోవడానికి అప్లికేషన్ మెషీన్‌లో టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే సాధనం) పెట్టి, డేటాబేస్ వైపు నుంచి పింగ్ చేయండి. ఏఆర్‌పీ ప్రశ్న రావడం, జవాబు వెళ్లడం కనిపించి, పింగ్ ఒక్కటి కూడా రాకపోతే నేను చెప్పినదే కారణం. హోస్ట్‌లో పీఎఫ్ మీద పెట్టినా ఆ పింగ్ కనిపించదు, వీఎఫ్ కేబుల్ వైపు పంపే ప్యాకెట్లు హోస్ట్ కెర్నెల్ గడప తొక్కవు.

తాత్కాలికంగా, హోస్ట్‌లో బ్రిడ్జ్ ఎఫ్‌డీబీ యాడ్ ఆదేశంతో (ఎఫ్‌డీబీ అంటే ఏ మ్యాక్ ఎటు ఉందో రాసే జాబితా) అప్లికేషన్ మ్యాక్ చిరునామాను పీఎఫ్ పేరు మీద నమోదు చేయండి.

లబ్బీపేట అడ్మిన్:

అచ్చంగా మీరు చెప్పినట్టే కనిపించింది. ఏఆర్‌పీ ప్రశ్న వచ్చింది, జవాబు వెళ్లింది, తరువాత అంతా నిశ్శబ్దం. ఆదేశం ఇచ్చిన మరుక్షణం పింగ్ మొదలైంది. బ్రాడీపేట గారికి ధన్యవాదాలు. దీనిని సర్వర్ ఆన్ అయినప్పుడల్లా నడిచే స్క్రిప్టులో పెట్టేస్తే సరిపోతుందా?

ఆటోనగర్:

ఒక మాట అడగవచ్చునా? ఇంతకూ మీకు నెట్‌వర్కే అడ్డుపడుతోందని కొలిచి చూశారా? 10 గిగాబిట్ లైను నిండాలంటే 1518 బైట్ల ఫ్రేములైతే సెకనుకు సుమారు 8 లక్షల 12 వేలు, 64 బైట్ల చిన్నవైతే సుమారు 1 కోటి 48 లక్షలు వెళ్లాలి. పెద్ద ప్యాకెట్లకు మామూలు వర్ట్‌ఐఓ (బ్రిడ్జ్ మీది మెషీన్లు వాడే వర్చువల్ కార్డు) చాలావరకు సరిపోతుంది, మల్టీక్యూ (పనిని చాలా క్యూలకు పంచే సెట్టింగు) ఆన్ చేస్తే ఇంకా మెరుగు. చిన్న ప్యాకెట్లు విపరీతంగా వచ్చేచోట, ఆలస్యం మైక్రోసెకన్లలో లెక్కపెట్టేచోట ఎస్ఆర్-ఐఓవీ ఫలితం కనిపిస్తుంది. మిర్చి పద్దులు అంత దూరం వెళతాయని నాకు అనిపించడం లేదు.

దీనికి చెల్లించే మూల్యం కూడా తక్కువేమీ కాదు. వీఎఫ్ ఇచ్చిన మెషీన్‌కు కేటాయించిన మెమొరీ మొత్తం ఆన్ చేయగానే కట్టివేయబడుతుంది, బెలూనింగ్ (వాడని మెమొరీని హోస్ట్ వెనక్కి తీసుకోవడం) పనిచేయదు. మెషీన్‌ను ఆపకుండా వేరే సర్వర్‌కు మార్చడం కుదరదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ప్యాకెట్లు హోస్ట్‌ను తాకవు కనుక ప్రాక్స్‌మాక్స్‌లో ఆ మెషీన్‌కు మీరు రాసిన ఫైర్‌వాల్ నియమాలు వాటికి వర్తించవు. మెషీన్ లోపలే ఫైర్‌వాల్ పెట్టుకోవాలి, వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌లో వేరుచేసిన భాగం) సంఖ్యను మాత్రం హోస్ట్ నుంచే వీఎఫ్‌కు బిగించాలి.

బ్రాడీపేట:

ఆటోనగర్ గారి మాటతో ఏకీభవిస్తాను. స్క్రిప్టు విషయంలో మాత్రం అడ్మిన్ గారిని ఆపాలి, ఎందుకంటే ఆ దెబ్బ నేను తిన్నాను. రేపు అప్లికేషన్ మెషీన్‌ను రెండో సర్వర్‌కు మారుస్తారు, ఎఫ్‌డీబీలోని నమోదు మాత్రం మొదటి సర్వర్‌లోనే మిగిలిపోతుంది. అప్పుడు డేటాబేస్ పంపే ప్యాకెట్లను కార్డు కేబుల్ మీదకు వదలకుండా, మెషీన్ ఇంకా ఇక్కడే ఉందనుకుని పీఎఫ్‌కు అప్పగిస్తుంది, అక్కడ బ్రిడ్జ్ వాటిని పారేస్తుంది. అంటే మీరు మొదట చూసినదానికి తల్లకిందులు: ఒకే సర్వర్‌లో ఉంటే పనిచేస్తుంది, వేరే సర్వర్‌కు మారిస్తే ఆగిపోతుంది. రాత్రి పదకొండు గంటలకు బ్రాడీపేట నాలుగో లైనులో కూర్చుని, తల్లకిందులైన ఆ లక్షణాన్ని నమ్మలేక నేను బయటి స్విచ్‌ను మూడుసార్లు ఆపి ఆన్ చేశాను. పైగా ఈ చిప్‌లో చిరునామాలు రాసుకునే గళ్లు 128 మాత్రమే, వాటినే వీఎఫ్‌లూ పంచుకుంటాయి.

మీ కార్డుకు రెండో పోర్టు ఖాళీగా ఉందన్నారు. బ్రిడ్జ్‌ను దానికి మార్చి, మొదటి పోర్టును వీఎఫ్‌లకే వదిలేయండి. డేటాబేస్ ప్యాకెట్ మొదటి పోర్టులో బయటికి వెళ్లి, స్విచ్ మీదుగా రెండో పోర్టులో లోపలికి వస్తుంది. పక్కింటికి వెళ్లడానికి వీధి చివరిదాకా నడిచినట్టే కానీ, ఎవరు ఎక్కడున్నారో స్విచ్ తానే నేర్చుకుంటుంది కనుక మెషీన్లను ఎటు మార్చినా మీరు ఏమీ రాయనక్కరలేదు. రెండు పోర్టులనూ ఒకే బ్రిడ్జ్‌లో మాత్రం కలపకండి, లూప్ ఏర్పడి ఆఫీసు నెట్‌వర్క్ అంతా కూలుతుంది.

ఇంకొకటి, వీఎఫ్‌కు మ్యాక్ చిరునామాను హోస్ట్ నుంచి స్థిరంగా ఇవ్వండి. లేకపోతే సర్వర్ తిరిగి ఆన్ అయినప్పుడు కొత్త చిరునామా వచ్చి, మీ డీహెచ్‌సీపీ (మ్యాక్‌ను బట్టి ఐపీ పంచే ఏర్పాటు) లెక్కలు తప్పుతాయి. వీఎఫ్‌ల సంఖ్య మార్చాలనుకుంటే ముందు సున్నా రాసి, ఆ తరువాతే కొత్త సంఖ్య రాయాలి. నేరుగా నాలుగును ఎనిమిది చేయబోతే కెర్నెల్ ఒప్పుకోదు.

లబ్బీపేట అడ్మిన్:

ఆటోనగర్ గారూ, కొలవలేదన్నది నిజం. కొంత అవసరం, కొంత నేర్చుకోవాలన్న సరదా. మెమొరీ మాట మీరు చెప్పాకే అర్థమైంది. డేటాబేస్‌కు 64 జీబీ రాసి, సర్వర్‌లో ఉన్నదే 96 అయినప్పుడు, నిన్న టెస్ట్ మెషీన్ ఎందుకు ఆన్ కాలేదో ఇప్పుడు తెలిసింది.

ప్రస్తుతానికి డేటాబేస్‌ను వర్ట్‌ఐఓకు వెనక్కి తెచ్చి, మల్టీక్యూతో వారం పాటు కొలుస్తాను. అది చాలకపోతేనే రెండు పోర్టుల పద్ధతికి వెళతాను. స్విచ్‌లో 10 గిగాబిట్ పోర్టులు ఎనిమిది ఉన్నాయి, మూడు సర్వర్లకు ఆరు పోతే ఇంకా రెండు మిగులుతాయి. మెషీన్‌ను ఆపకుండా మార్చలేకపోవడానికి బదులుగా రెండో సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ (మా డేటాబేస్) ప్రతిరూపాన్ని నడుపుతాను. కేబుళ్లు మాత్రం యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాకే ముట్టుకుంటాను. ఈలోగా ఒక్క గంట ఆగినా గుంటూరు నుంచి ఫోన్లు మొదలవుతాయి.