థాయ్ గుడి రబ్బింగ్‌లు: రాతి మీద తీసినవా, అచ్చు మీద తీసినవా?

ప్రశ్న (బోయిన్‌పల్లి, హైదరాబాద్)
ఇంట్లో నాలుగు థాయ్ రబ్బింగ్‌లున్నాయి, అంటే చెక్కిన బొమ్మ మీద కాగితం పరిచి బొగ్గుతోనో మైనంతోనో రుద్ది తీసినవి. పల్చటి నారకాగితం మీద మూడు నలుపు, ఒకటి బంగారు రంగు. ఒకదాంట్లో రథమెక్కిన రాక్షసుడు, ఇంకోదాంట్లో కోతి, చేపతోక ఉన్న అమ్మాయి. 1960ల నాటివని పెద్దవాళ్ల మాట. నిజంగా గుడి రాతి మీద తీసినవేనా? ఒకదాన్ని హార్డ్‌బోర్డుకు అతికించేశారు. ఇంకోదానికి వెనక సెల్లోటేపు, మడతల దగ్గర పసుపు. ఏం చేయమంటారు?

జవాబు 1
ఇవి దాదాపుగా బ్యాంకాక్ వాట్ ఫో గుడివే. ప్రధాన మందిరం పునాది చుట్టూ రామకియన్ (థాయ్ రామాయణం) కథ చెక్కిన 152 పాలరాతి పలకలున్నాయి. 1824 నుంచి 1851 వరకు ఏలిన థాయ్ రాజు మూడో రాముడు ఆ గుడిని పెద్ద ఎత్తున బాగుచేయించాడు. పలకల్లో కథ సీతాపహరణంతో మొదలవుతుంది.

చేపతోక అమ్మాయి నాగకన్య కాదండీ. రావణుడి కూతురు సువర్ణమచ్ఛ, పక్కనున్నది హనుమంతుడు. వారధికి వేసిన రాళ్లను ఆమె చేపలతో మోయించేస్తుంటే ఆపడానికి హనుమంతుడు నీళ్లలోకి దిగుతాడు. మన రామాయణంలో ఈ ఘట్టం లేదు కాబట్టి చాలామంది పొరబడతారు. థాయ్ చిత్రాల్లో రాముడు ఆకుపచ్చ, లక్ష్మణుడు బంగారు రంగు. రబ్బింగ్‌లో ఆ ఆధారం ఉండదు, కిరీటం, ఆయుధం, ముఖం చూసి పోల్చుకోవాలి.

జవాబు 2
రాయా, అచ్చా అన్నదే అసలు చిక్కు. రుద్ది రుద్ది రాయి అరుగుతోందని పలకల మీద రుద్దడం ఆపేశారు. తర్వాతవి పలకల నకళ్ల మీద, అంటే పోత అచ్చుల మీద తీసినవే. పగులు కనబడగానే ఒరిజినల్ అనుకోకండి, రాతి పగులు అచ్చులోకీ దిగుతుంది. భూతద్దం పెట్టి నగల గీతలు చూడండి. రాతి మీదైతే గీత అంచు పదునుగా ఉంటుంది. పోత నకలుదైతే మొద్దుబారుతుంది, గాలిబుడగల వల్ల అక్కడక్కడా చిన్న గుండ్రటి తెల్లచుక్కలు పడతాయి.

అసలు రబ్బింగే కాని సిల్క్‌స్క్రీన్ ప్రింట్లూ (తెర గుండా ఇంకు అద్దినవి) అమ్ముతారు. చీకట్లో టార్చి పక్కనుంచి వేయండి. రబ్బింగైతే కాగితం బొమ్మ వెంట కాస్త ఉబ్బి ఉంటుంది. సిల్క్‌స్క్రీన్‌లో ఇంకు పొర అంతటా ఒకేలా, చదునుగా పరుచుకుంటుంది.

కాలం తేల్చడానికి బొమ్మ కన్నా వెనకవైపే మంచి సాక్షి: లేబుల్, బిల్లు, చేతిరాత. థాయ్ సంవత్సరం ఉంటే 543 తీసేయండి, 2510 అంటే 1967. థాయ్‌లాండ్ పాత పేరు ‘సియాం’ అని ఉందని 1939కి ముందుది అనుకోవద్దు. దేశం పేరు మారాక కూడా దుకాణాలు ఆ మాట వాడుతూనే ఉన్నాయి.

జవాబు 3
ముందు బొగ్గా, మైనమా తేల్చండి. అంచున, బొమ్మ లేని చోటికి దగ్గరగా, పొడి ఇయర్‌బడ్ ఒక్కసారి తాకించండి. నలుపు అంటితే బొగ్గు. దానికి అక్రిలిక్ షీటు వేయించొద్దు, స్టాటిక్ (స్థిర విద్యుత్తు)తో పొడిని లాగేస్తుంది, గాజే వేయించాలి. మైనమైతే వేడే శత్రువు. మడతలు పోవాలని ఇస్త్రీ పెట్టారో, మైనం కరిగి కాగితంలోకి ఇంకి నూనెమరకలా నిలిచిపోతుంది. లామినేషన్ దేనికీ వద్దు.

ఫ్రేమ్ కొట్టువాళ్లకు ముందే గట్టిగా చెప్పాలి: ఫెవికాల్ వద్దు, కాగితానికి ప్లైవుడ్ తగలకూడదు. యాసిడ్‌ఫ్రీ (ఆమ్లం లేని) బోర్డు వేసి, పైఅంచున రెండుచోట్ల మాత్రమే జపనీస్ టిష్యూ (పల్చటి గట్టి నారకాగితం) ముక్కలు గోధుమ స్టార్చ్ జిగురుతో అంటించాలి. మైదా ఉడికించిన జిగురైతే సిల్వర్‌ఫిష్ పురుగులకి విందే. నాలుగువైపులా అంటిస్తే వానాకాలం తేమకు కాగితం సాగి, ఎండాకాలం బిగిసి చిరుగుతుంది. గాజుకూ బొమ్మకూ మధ్య 4, 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పడమటి గోడకు, చెమ్మెక్కే బయటి గోడకు తగిలించకండి. ఫ్రేమ్ వెనక కింది మూలల్లో కార్కు ముక్కలు పెడితే గాలి ఆడుతుంది.

హార్డ్‌బోర్డుకు అంటినదాన్ని నీళ్లు తడిపి లాగొద్దు. ఎండిన ఫెవికాల్ ఉబ్బుతుందే కాని కరగదు, నారకాగితం పీలికలవుతుంది. కన్జర్వేటర్లు (పాత కళావస్తువులు బాగుచేసే నిపుణులు) బొమ్మను బోర్లా పెట్టి, బోర్డునే వెనక నుంచి పొరలు పొరలుగా చెక్కి తీస్తారు. టేపు పసుపుకీ ఇంట్లో టర్పెంటైన్, థిన్నర్ వాడకండి, మైనం కరుగుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది, చేయి వేసే ముందు వాళ్ల సలహా అడగండి. అప్పటిదాకా ఆ రెండింటినీ యాసిడ్‌ఫ్రీ కాగితాల మధ్య పెట్టి, బోర్డు మీద పడుకోబెట్టి ఉంచండి. గొట్టంలా చుట్టొద్దు, నాఫ్తలిన్ ఉండలూ వేయొద్దు.