పాత కత్తి ఒర బాగుచేసేవాళ్లు చెన్నైలో ఉన్నారా?

నమస్కారమండీ, మేం పెరంబూర్‌లో ఉంటాం. నెల్లూరులో తాతగారి ఇంటి అటక మీద ఒక కత్తి దొరికింది. చెక్క ఒర మీది ఎర్ర ముఖమల్ గుడ్డ చీకిపోయింది, కొసన వెండి తొడుగు ఊడింది. పిడిలో పోసిన లక్క ఎండిపోయి కత్తి కదులుతోంది. ఒక పాలిష్ షాపులో ఎమెరీ పేపర్‌తో రుద్దేస్తామన్నారు. ఉక్కు మీద అలల్లాంటి గీతలున్నాయి, అవి పోతాయని భయమేసి వెనక్కి తెచ్చేశాను. ఎగ్మూరు మ్యూజియంలో తంజావూరు కత్తులు చూసినప్పటి నుంచి దీన్నీ అలా కాపాడుకోవాలని నా ఆశ.

పాత ముఖమల్ తీసెయ్యకుండా అతికించగల పనివాళ్లు ఎవరైనా తెలుసా? అప్పటిదాకా కత్తిని ఒరలోంచి తీసి విడిగా ఉంచాలా? ఈ సముద్రపు గాలికి తుప్పు పడుతుందేమోనని ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.