కీల్ బ్లాక్ పాసయినా, డబ్ల్యూసీబీ కాస్టింగ్ మందపాటి చోట సాగకుండా తెగుతోంది: కారణం ఏమిటి?

వాల్వ్_క్యూసీ:
నమస్కారం. మా ఫౌండ్రీలో ఏఎస్‌టీఎం ఏ216 ప్రమాణంలోని డబ్ల్యూసీబీ గ్రేడ్ (కార్బన్ ఉక్కు) వాల్వ్ బాడీలు పోస్తున్నాము. అదే హీట్‌తో (ఒకేసారి కరిగించిన ఉక్కుతో) పోసిన కీల్ బ్లాక్ (పరీక్ష కోసం విడిగా పోసే దిమ్మ) నుంచి తీసిన టెస్ట్ బార్ కనీస సాగుదల అయిన 22 శాతాన్ని సులువుగా దాటుతోంది. కానీ ఫ్లాంజ్, బాడీ కలిసే చోట, సుమారు 100 మిల్లీమీటర్ల మందంలోంచి కోసిన బార్ 13 శాతానికే తెగిపోతోంది. ఈల్డ్ బలం (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) మాత్రం రెండింటిలోనూ దాదాపు సమానమే. రెండింటికీ ఒకే ఫర్నేస్‌లో నార్మలైజింగ్ (వేడిచేసి గాలిలో చల్లార్చడం) చేశాము. ఇంత తేడా ఎందుకు వస్తోంది?

లోహశాస్త్రం:
ఘనీభవనానికి పట్టే కాలం, ఘనపరిమాణాన్ని చల్లబడే ఉపరితలంతో భాగిస్తే వచ్చే మాడ్యులస్ వర్గాన్ని బట్టి పెరుగుతుందని ష్వోరినోవ్ సూత్రం చెబుతుంది. 25 మిల్లీమీటర్ల పలకతో పోలిస్తే 100 మిల్లీమీటర్ల పలక గట్టిపడడానికి 16 రెట్లు సమయం పడుతుంది. అంతసేపట్లో డెండ్రైట్ల (చెట్టులా పెరిగే లోహ స్ఫటికాల) కొమ్మల మధ్య దూరం పెరిగి, మాంగనీసు, గంధకం, భాస్వరం చివరగా మిగిలిన ద్రవంలోకి చేరతాయి. నార్మలైజింగ్ గ్రెయిన్లను (లోహంలోని స్ఫటిక రేణువులను) సన్నబరుస్తుంది కాబట్టి ఈల్డ్ బలం నిలుస్తుంది. కానీ కొమ్మల మధ్య పేరుకున్న మాంగనీసు తేడాలను అది దాదాపుగా తాకదు. సాగుదలను నిర్ణయించేది లోహమంతటి సగటు కాదు, అందులోని అతి బలహీనమైన చోటు.

మెథడ్స్_డెస్క్:
పై వివరణ సరైనదే, అయితే 22 నుంచి 13కు పడిపోవడానికి అదొక్కటే చాలదని నా అభిప్రాయం. ఉక్కు గట్టిపడేటప్పుడు సుమారు 3 శాతం కుంచించుకుంటుంది. మీ జంక్షన్ (ఫ్లాంజ్, బాడీ కలిసే చోటు) హాట్ స్పాట్, అంటే చివరగా గట్టిపడే చోటు కాబట్టి, ఫీడింగ్ దారి (ద్రవ లోహం వచ్చి చేరే దారి) ముందే మూసుకుపోతే డెండ్రైట్ల నడుమ రేడియోగ్రఫీకి కూడా చిక్కనంత సన్నని ష్రింకేజ్ (కుంచించుకోవడం వల్ల ఏర్పడే ఖాళీలు) మిగులుతుంది. దయచేసి ముందుగా తెగిన ముఖాన్ని ఎస్‌ఈఎంలో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూడండి. గుండ్రని, నునుపైన డెండ్రైట్ కొనలు కనిపిస్తే అది ష్రింకేజే. అలా కాక, పటికబెల్లం విరిచినట్టు మెరిసే పలకలు కనిపిస్తే గ్రెయిన్ సరిహద్దుల్లో అల్యూమినియం నైట్రైడ్ చేరిందని అనుమానించాలి. అప్పుడు సరిచూడవలసినవి అల్యూమినియం, నైట్రోజన్ పాళ్లు.

వాల్వ్_క్యూసీ:
చూశాము. గుండ్రని కొనలే కనిపించాయి. రైజర్ (గట్టిపడే కాస్టింగ్‌కు ద్రవ లోహాన్ని అందించే అదనపు నిల్వ) పెంచితే సరిపోతుందా?

మెథడ్స్_డెస్క్:
ఒక్క రైజర్‌ను పెంచితే జంక్షన్ మరింత సేపు వేడిగా ఉండి, డెండ్రైట్లు ఇంకా ముతకబడే ప్రమాదం ఉంది. రైజర్‌కు ఎదురు వైపున చిల్ (వేడిని త్వరగా లాగేసే లోహపు ముక్క) పెట్టి, గడ్డకట్టడం అక్కడ మొదలై రైజర్ వైపు సాగేలా చూడండి. రైజర్ మాడ్యులస్ జంక్షన్ మాడ్యులస్‌కు 1.2 రెట్లు ఉండాలి. చిల్‌కు తుప్పు గానీ తేమ గానీ ఉంటే గ్యాస్ రంధ్రాలు పడతాయి. మార్పు చేశాక బార్‌ను మళ్లీ అదే జంక్షన్ నుంచి కోసి పరీక్షించండి.