అనంతపురంలో వాన తగ్గిందా, పడే తీరు మారిందా?

ఎర్రనేల:
ప్రతి సెప్టెంబరు చివర ఇదే వరుస. జిల్లాలో వర్షపాతానికి లోటు లేదని ప్రకటన వస్తుంది, మా కళ్యాణదుర్గం వైపు చేలు మాత్రం ఎండిపోయి ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉమ్మడి జిల్లా సగటు సుమారు 338 మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో 19 శాతం తగ్గినా లోటు కిందికి రాదు. అంటే 274 పడితే చాలు, అంతా బాగున్నట్టే. అందులో సగం సెప్టెంబరులోనే పడితే ఏం లాభం? జూలైలో విత్తిన చెనక్కాయకు, అదే వేరుశనగకు, ఆగస్టులో ఊడలు దిగుతాయి. పూత నుంచి నేలలోకి దిగి కాయయ్యే కాడే ఊడ. అప్పుడు ఇరవై రోజులు వాన లేక బెట్ట కొడితే నేల గట్టిపడి ఊడ లోపలికి పోదు, పోయినా కాయ ఊరదు. ఆ తర్వాత ఎంత కురిసినా పైన కట్టె, అంటే ఆకూ కాడా, పచ్చబడుతుందే గానీ కాయ రాదు. వాన తగ్గలేదనే వాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

లెక్కలపుస్తకం:
వాన తగ్గడం వేరు, అదునుకు రాకపోవడం వేరు. మీరు రెండూ కలిపేస్తున్నారు. మన జిల్లా పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి మేఘాలు కనుమల అవతలే కురిసి ఇటు తేలిపోయి వస్తాయి. ఈశాన్య వానలకేమో తీరం దూరం, తుపాను మన దాకా వచ్చేసరికి బలం పోతుంది. అందుకే ఏడాది మొత్తానికి సగటు 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది, అందులో ఎక్కువ పడేది సెప్టెంబరులోనే. ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. 1876-78 నాటి ధాత కరువు కూడా ఈ సీమలోనే విరుచుకుపడింది. జూలై, ఆగస్టుల్లో నమ్మకం లేని వాన మన తాతల నాటిదే.

చిత్రావతి:
దేశంలో జైసల్మేర్ తర్వాత తక్కువ వాన మనకే కదా. ఇంక వాదన ఎందుకు?

లెక్కలపుస్తకం:
ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ తప్పు. బార్మేర్, బికనేర్‌లలో ఏడాదికి 300 కూడా పడదు. లేహ్‌లో వంద పడితే గొప్ప. మనకు 550. రెండో స్థానం ఎలా వస్తుంది?

చిత్రావతి:
పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో అందరూ అదే చెబుతారు. మీరొక్కరే తప్పంటే ఎలా?

లెక్కలపుస్తకం:
ఎంతమంది చెప్పినా 300 కన్నా 550 ఎక్కువే. ఎడారితో పోల్చుకుంటూ కూర్చుంటే మన నేలకు సరిపడే సేద్యం గురించి ఆలోచించం. నా బాధ అది.

ఎర్రనేల:
జైసల్మేర్ సంగతి వదిలేయండి స్వామీ. నేనడిగింది ఆగస్టు గురించి.

కొర్రచేను:
ఎర్రనేల అన్నా, ఆగస్టును నమ్మలేమని తెలిసినప్పుడు అంతా చెనక్కాయే ఎందుకు? ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదే పంట. కొర్ర మూడు నెలల్లోపే చేతికొస్తుంది, బెట్టకు ఓర్చుకుంటుంది. కంది, ఆముదం వేర్లు లోతుకు పోతాయి, ఆలస్యంగా పడే సెప్టెంబరు వానను వాడుకుంటాయి. మేము నాలుగు రకాలు కలిపి వేస్తున్నాం. అన్నీ పండిన ఏడాది లేదు, అన్నీ పోయిన ఏడాదీ లేదు.

ఎర్రనేల:
కొర్రలు కొనేదెవరు తమ్ముడూ? మండీలో అడిగిన ధరకు ఇచ్చి రావాల్సిందే. చెనక్కాయ పోయినా కట్టె పశువులకు మేతవుతుంది, అదీ లేకపోతే ఎద్దుల్ని అమ్ముకోవాలి. ఇంకో సంగతి. ఏటా సబ్సిడీ మీద ఏ విత్తనం ఇచ్చారు? చెనక్కాయే. ఏళ్ల తరబడి ఆ పంటే వేయించి, ఇప్పుడు తప్పు మాదంటే ఒప్పుకోను. 2016 ఆగస్టులో నీళ్లు చిమ్మే రెయిన్ గన్లు తెచ్చి తడిపారు గుర్తుందా? అది కూడా చెనక్కాయను బతికించడానికే.

పెన్నా_గట్టు:
ఆ గన్లకు నీళ్లు కావాలి కదా. కుంటలో చుక్క లేనివాడు ఏం చేశాడు?

ఎర్రనేల:
అసలు నా కడుపుమంట బీమాది. వాన లెక్క చూసి పరిహారమిచ్చే వాతావరణ బీమా ఉన్నప్పుడు ప్రీమియం కట్టాను. మండల కేంద్రంలో ఒక్క రాత్రి గట్టిగా కురిసింది, మా ఊళ్లో దుమ్ము కూడా అణగలేదు. కానీ లెక్క మండల కేంద్రంలోని వాన మాపకానిదే. బెట్ట తెగిపోయిందన్నారు, పరిహారం లేదన్నారు. ఉమ్మడి జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, మండలాలు 63. మండలానికి సగటున మూడు వందల చదరపు కిలోమీటర్లు. అంత నేలకు ఒకటి రెండు మాపకాలు ఏం చెబుతాయి?

లెక్కలపుస్తకం:
మాపకాలు పెంచాలి, ఒప్పుకుంటాను. కానీ మీ ఒక్క ఊరి అనుభవంతో జిల్లా వాతావరణం మారిందని తేల్చలేం. వాన మీద నెపం పెట్టి అదే పంట మళ్లీ మళ్లీ వేయడం మాత్రం ఆగాలి.

ఎర్రనేల:
నెపమా? అప్పు తెచ్చి విత్తినవాడిని నెపాలు వెతికేవాడంటారా? బెంగళూరులో ఫ్యాన్ కింద కూర్చుని చెప్పడం సులువు. ఒక్క ఆగస్టు మా చేలో నిలబడండి.

చిత్రావతి:
సరిగ్గా అడిగావన్నా.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు వద్దు. విషయం మీద ఉండండి.

లెక్కలపుస్తకం:
నిలబడినవాణ్నే. మా నాన్న ధర్మవరం పక్కన చెనక్కాయే వేశాడు. ఈ ఏడు తప్పినా వచ్చే ఏడు పడుతుందన్న ఆశతో బోరు మీద బోరు వేశాడు, నీళ్లు పడలేదు. చివరికి పొలం అమ్మి అప్పు తీర్చాం. వాన తగ్గింది, మళ్లీ పెరుగుతుందనే మాట వింటే నాకు భయం వేస్తుంది. ఆ మాట మనిషిని అదే చేలో కట్టిపడేస్తుంది. వానాధార చెనక్కాయ సగానికి సగం తగ్గాలి, కొంతమంది సేద్యం నుంచి బయటపడాలి. నేను చెప్పేది అదే.

ఎర్రనేల:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. మీ నాన్నగారికి జరిగినదానికి నాకూ బాధే. కానీ మీరు కోరేది నేను నేల వదలడం, నేను కోరేది వదలకుండా బతకడం. వాన ఎన్ని మిల్లీమీటర్లన్నది మన మధ్య తగాదా కాదు. వాన రాని ఏడాది నష్టం ఎవరు మోయాలన్నదే తగాదా. 2021 నవంబరులో చిత్రావతి నది పొంగి ఇళ్లు, పంటలు మునిగినప్పుడు, సేద్యం మానుకోండని ఎవరూ అనలేదు. అది విపత్తు. ఆగస్టులో నెమ్మదిగా ఎండిపోతే మాత్రం రైతు తప్పు!

కొర్రచేను:
అన్నా, నేల వదలకుండానే పంట మార్చొచ్చు. కొర్ర, కంది విత్తనానికి కూడా అంతే సబ్సిడీ ఇచ్చి, మద్దతు ధరకు కొంటే నువ్వు వేయవా?

ఎర్రనేల:
కొనే చోటు మండలంలో చూపిస్తే సగం చేలో వేస్తాను. మిగతా సగం చెనక్కాయే. ఎద్దులకు మేత కావాలి.

పెన్నా_గట్టు:
బీమాలో ఆగస్టు బెట్టను విడిగా లెక్కగట్టి, మాపకం ఊరూరా పెడితే?

లెక్కలపుస్తకం:
ఏటా వచ్చే బెట్టకు బీమా అంటే ప్రీమియం ఆకాశానికి పోతుంది. కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో ఖరీఫ్ నూనెగింజలకు రైతు వాటా 2 శాతమే, మిగతాది కేంద్రం, రాష్ట్రం కడతాయి. ప్రతి ఏడూ ఎంతకాలం కడతాయి?

ఎర్రనేల:
చెనక్కాయ నూనె తినేవాళ్లంతా కడుతున్నట్టు లెక్క. ఆ పంట కావాలనుకున్నంత కాలం కట్టాల్సిందే.

లెక్కలపుస్తకం:
దీనికి నేను ఒప్పుకోను. ఆ డబ్బు మేత గడ్డికీ, కంది కొనుగోలుకీ పెట్టమంటాను.