కూచీ సొరంగాల్లోకి గ్యాసు వదిలేసుంటే అయిపోయేది గదా?

అలిపిరి_కుర్రోడు:
అన్నలూ ఒక డౌట్. రాత్రి యూట్యూబ్‌లో వియత్నాం యుద్ధం వీడియోలు చూస్తా చూస్తా తెల్లారిపోయింది. సైగాన్ దగ్గర కూచీ అనే చోట నేల కింద దాదాపు 250 కిలోమీటర్లు సొరంగాలంట, అంటే ఇంచుమించు మనం తిరుపతి నించి చెన్నైకి పోయొచ్చినంత! అన్ని హెలికాప్టర్లు, బాంబర్లు పెట్టుకోని అమెరికా వాళ్లు ఒక్కో మనిషికి పిస్తోలు, టార్చిలైటు ఇచ్చి లోపలికి పంపడమేంది? గ్యాసో నీళ్లో వదిలేస్తే పోలా?

మాజీ_సాపర్_చిత్తూరు:
వదిల్నారు తమ్ముడూ, అన్నీ వదిల్నారు. 1966 జనవరిలో ఆపరేషన్ క్రింప్ అని చేసినప్పుడు బ్లోయర్లు పెట్టి పొగ కొట్టినారు, టియర్ గ్యాసు కొట్టినారు. మీ ఇంట్లో లెట్రిన్ బేసిన్ కింద వంపులో ఎప్పుడూ నీళ్లు నిలబడుంటాయి చూడు, వాసన పైకి రాకుండా, సొరంగంలో ఉండే వియత్‌కాంగ్ గెరిల్లాలు, అంటే అమెరికా మీద పోరాడేవాళ్లు, చేసిందీ అదే. అక్కడక్కడా దారిని కిందికి వంచి నీళ్లు నింపేవాళ్లు, మనిషైతే మునిగి అవతల తేల్తాడు, గ్యాసు అక్కడికే ఆగిపోతాది. నీళ్లు పోస్తే అంతస్తులు అంతస్తులుగా ఉండాది గదా, ఎన్నని పోస్తావ్? బాంబు పెడితే ఆ ముక్క కూల్తాది, వాళ్లు పక్కనించి మళ్లీ తవ్వుకుంటారు. అక్కడి ఎర్రమట్టి వానాకాలంలో మెత్తగా తెగుతాది, ఎండితే ఇటుకే. పైగా లోపలుండే మ్యాపులు, కాగితాలు కావాలంటే మనిషి దిగాల్సిందే.

అట్లా దిగేవాళ్లనే టన్నెల్ ర్యాట్స్ అన్నారు. సన్నగా పొట్టిగా ఉన్నోళ్లే ఎక్కువ. పెద్ద పిస్తోలు ఆ సందులో కాలిస్తే చెవులు పోతాయని చాలామంది చిన్న రివాల్వర్ పట్టుకునేవాళ్లు, మూడు కాల్చినాక మళ్లీ నింపుకోవాల, ఆరు గుండ్లూ అయిపోతే తుపాకి ఖాళీ అని చీకట్లో లెక్కబెడతా కూర్చున్న శత్రువుకి తెలిసిపోతాది.

పలమనేరు_బావిపని:
నాకు తుపాకులు తెలీవు, మా నాయన బావులు తవ్వేవాడు. గాలి గురించి ఎవరూ చెప్పలేదేందబ్బా? పాడుబడిన బావిలోకి దిగే ముందు లాంతరు కట్టి దించేవాళ్లు, ఆరిపోతే ఆ రోజు ఎవరూ దిగరు. చిన్నప్పుడు నేను ఎవురికీ చెప్పకుండా సగం దిగి తల తిరిగి, తాడు పట్టుకోని ఎట్లా పైకొచ్చినానో నాకే తెలీదు. సొరంగంలో శత్రువు తర్వాత సంగతి, ముందు ఊపిరి.

మాజీ_సాపర్_చిత్తూరు:
కరెక్ట్ అన్నా. ఆ క్రింప్‌లోనే అమెరికా వాళ్లతో కలిసి పోయిన ఆస్ట్రేలియా ఆర్మీ ఇంజనీర్ ఒకాయన లోపల ఊపిరాడకే పోయినాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు జర్మన్ల కిందికి సొరంగాలు తవ్వేటప్పుడు, గాలి చెడిందో లేదో తెలుసుకోనికి కానరీ పిట్టల్ని తీసకపొయ్యేవాళ్లు, పిట్ట పడిపోతే వెనక్కే. ఆ తవ్వుడంతా బెల్జియంలో మెసీన్ దగ్గర 1917 జూన్ 7న తేలింది, జర్మన్ల కింద 19 చోట్ల మందుగుండు పెట్టి దాదాపు ఒకేసారి పేల్చినారు.

చంద్రగిరి_బ్రో:
మన కోటలో కూడా సొరంగం ఉండాదంట గదా, మా జేజి చెప్పేది 😄

మాజీ_సాపర్_చిత్తూరు:
సొరంగం కథ లేని కోట యాడుండాది బ్రో. నిజంది కావాలంటే 2020 ఆగస్టులో జమ్మూ సాంబాలో బీఎస్ఎఫ్ వాళ్లకి దొరికింది చూడు, బార్డర్ అవతల నించి తవ్వుకొచ్చింది, మూతి దగ్గర ఇసకమూటల మీద పాకిస్తాన్ ముద్రలు కూడా ఉన్నాయి.

అలిపిరి_కుర్రోడు:
థ్యాంక్స్ అన్నా. నేను ఆర్మీ ర్యాలీకి ప్రిపేర్ అవతా ఉండా, నా హైటు 178, సొరంగానికి పనికి రానేమో.

మాజీ_సాపర్_చిత్తూరు:
ముందు 1600 మీటర్లు పరిగెత్తు నాయనా. రాత్రంతా వీడియోలు చూస్తే పొద్దున గ్రౌండ్‌కి ఎవరు పోతారు?