డాంబరు ఎక్కడి మాట?

మా నిజామాబాద్‌లో డాంబర్ రోడ్డు, డాంబర్ గోలీలు అంటాం. గుంటూరు నుంచి కోడలు వచ్చాక ఇంట్లో తారు రోడ్డు, కలరా ఉండలు కూడా వినిపిస్తున్నాయి. ఈ డాంబరు ఉర్దూ మాటేనా?

— మరాఠీలో డాంబర్, హిందీలో డామర్ ఉన్నాయండీ. మీకు అటునుంచే వచ్చి ఉంటుంది. పుట్టిల్లు మాత్రం ఇంకా దూరం. మలయ్‌లో ‘దమర్’ అంటే చెట్టు నుంచి కారి గట్టిపడే గుగ్గిలం లాంటి పదార్థం. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా మలయ్, జావా వైపే చూపిస్తుంది. జావా భాషలో దమర్ అంటే దీపం. ఆ గుగ్గిలాన్నే వెలిగించుకునేవారు, పడవ చెక్కల సందుల్లో నీళ్లు చొరకుండా పూసేవారు. పడవకు పూసే జిగురు పేరే తర్వాత రోడ్డుకు ఎక్కిందని నా అభిప్రాయం.

సుమత్రాలో క్రుయి చుట్టుపక్కల ఈ దమర్ తోటలున్నాయి. చెట్టు పేరు షోరియా జవానికా. నిటారు మాను. బెరడులో ముక్కోణంగా గంట్లు చెక్కుతారు. నడుముకు పేము పట్టీ చుట్టుకుని, ఆ గంట్లలోనే కాళ్లు పెట్టి పైకి ఎక్కుతారు. గంటులో ఊరిన జిగురు కొన్ని వారాలకు పసుపు గాజుపెంకులా గట్టిపడుతుంది. మేలు రకాన్ని ‘మాతా కుచింగ్’, అంటే పిల్లికన్ను అంటారు. ఎంత చక్కటి పేరో చూడండి! అడవిలో చెట్లు తగ్గిపోతుంటే 19వ శతాబ్దం చివర్లో అక్కడి రైతులే నాటడం మొదలుపెట్టారు.

ఇదే కుటుంబంలోని షోరియా ఫాగెటియానా చెట్టు ఒకటి బోర్నియో దీవిలో, మలేషియాకు చెందిన సబా రాష్ట్రంలోని డానమ్ లోయలో 100.8 మీటర్లు పెరిగింది. 2019 జనవరిలో కొసదాకా ఎక్కి టేపుతో కొలిచారు. పేరు ‘మెనారా’. మన చార్మినార్‌లోని మినారే, అరబ్బీ నుంచి అటూ ఇటూ వెళ్లింది.

— శాలవృక్షం, అదే గుగ్గిలం చెట్టు, ఈ కుటుంబానిదేనా? రఘువంశంలో దిలీపుణ్ణి ‘శాలప్రాంశుః’ అన్నారు కదా, శాలమంత పొడగరి అని.

— అవునండీ, అదే కుటుంబం. కాకపోతే శాలం ఎండల్లో ఆకు రాల్చే అడవి చెట్టు. బోర్నియోది ఏడాది పొడుగునా వాన కురిసే అడవి.

— తారును కూడా వదలకండి. ఇంగ్లీషులో టార్, ట్రీ ఒకే మూలం నుంచి వచ్చాయి. సంస్కృతంలో కొయ్యను చెప్పే ‘దారు’ వాటికి చుట్టమే. మీరూ మీ కోడలూ చెప్పేది చెట్టు మాటే.